నాలుగు ఆదివారాల్లో ఫ్యూచర్స్ థింకింగ్: ఒక అపార్ట్‌మెంట్ నీళ్ల ప్రశ్నతో నేర్చుకునే సమగ్ర మార్గదర్శి

"ఫ్యూచర్స్ థింకింగ్ నేర్చుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని చెన్నైలో ఉన్న మన తెలుగు మిత్రులు ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. కొందరు ఆన్‌లైన్ కోర్సులు కూడా చేశారు. పద్ధతుల పేర్లన్నీ నోటికి వచ్చాయి కానీ, వాటితో ఏం చేయాలో తెలియక అక్కడే ఆగిపోయారు.

నా అనుభవంలో ఈ విద్య చదివితే రాదు. నిజంగా డబ్బు ఖర్చయ్యే, నిజంగా నలుగురూ వాదించుకునే ఒక నిర్ణయం మీద చేసి చూస్తేనే వస్తుంది. అందుకే ఈ మార్గదర్శి మొత్తం ఒకే ఉదాహరణ మీద నడుస్తుంది. వేళచ్చేరిలో మా 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో కార్పస్ ఫండ్ (ఫ్లాట్లవాళ్లందరి ఉమ్మడి నిధి) తీసి ఇంకో లోతైన బోరు వేయించాలా వద్దా అన్న చర్చ వచ్చింది. ఆ చర్చనే నాలుగు ఆదివారాలు ఈ పద్ధతిలో నడిపాం. మీ ప్రశ్న వేరే ఉండొచ్చు. పిల్లల చదువు, సొంత వ్యాపారం, ట్రస్టు నడపడం, దేనికైనా మెట్లు ఇవే.

ఫ్యూచర్స్ థింకింగ్ అంటే జోస్యం చెప్పడం కాదని మొదటి రోజే అందరికీ చెప్పండి. రాబోయే రోజులు ఎన్ని రకాలుగా ఉండగలవో ఊహించి, ఈరోజు తీసుకునే నిర్ణయం వాటిలో ఎన్నింటిలో నిలబడుతుందో చూడటమే ఇక్కడ పని.

1. ముందు ప్రశ్నను సరిచేసుకోండి

మా మొదటి ప్రశ్న "బోరు వేయాలా, వద్దా?". ఇది అవును, కాదు అనే రెండు మాటల్లో తేలిపోయే ప్రశ్న. దీంతో కూర్చుంటే అరగంటలో రెండు జట్లు తయారవుతాయి, మూడో దారి ఎవరికీ కనిపించదు.

ప్రశ్నను ఇలా మార్చాం: "2045 మే నెలలో ఈ భవనంలో ఉండే మనుషులకు నీళ్లు ఎక్కడి నుంచి, ఎంత ఖర్చుతో, ఎవరి కష్టం మీద వస్తాయి?"

మంచి ప్రశ్నకు ఉండాల్సినవి:

☐ ఒక సంవత్సరం, వీలైతే ఒక నెల
☐ ఒక చోటు, "సమాజం" లాంటి విశాలమైన మాట కాకుండా
☐ ఎవరికి మేలు, ఎవరి మీద భారం అనే అంశం
☐ ఈ ఏడాదిలోనే తీసుకోవాల్సిన ఒక నిర్ణయంతో ముడి

చివరిది లేకపోతే నాలుగు వారాల మాటలూ కాలక్షేపంగా మిగిలిపోతాయి. కాలం విషయానికొస్తే, 5 ఏళ్లు తీసుకుంటే అందరూ ఇప్పటి పరిస్థితినే కాస్త సాగదీసి చెబుతారు. 50 ఏళ్లు తీసుకుంటే కథలు అల్లుతారు. ఇల్లు, నీళ్లు, చదువు లాంటి విషయాలకు 20 ఏళ్లు సరిపోతుంది.

2. మనుషులు, సమయం, సామాను

ఆరు నుంచి ఎనిమిది మంది చాలు. వారానికి రెండు గంటలు. నాలుగు చార్టులు, రెండు రంగుల స్టిక్కీ నోట్లు, లావు స్కెచ్ పెన్నులు ఉంటే సరి. ల్యాప్‌టాప్ మూసేయండి. స్క్రీన్ తెరిస్తే టైప్ చేసేవాళ్ల అభిప్రాయమే అందరి అభిప్రాయం అయిపోతుంది.

ఎవరిని పిలవాలన్నది సామాను కన్నా చాలా ముఖ్యం. సెక్రటరీ, ట్రెజరర్ ఎలాగూ ఉంటారు. ఒక అద్దెవాళ్లు, 20 ఏళ్ల లోపు పిల్లలు ఒకరు, రోజూ మోటార్ వేసే మనిషి తప్పకుండా ఉండాలి. మా చర్చ తెలుగు, తమిళం కలిసి నడిచింది. ఎవరికి ఏ భాషలో మాట సులువుగా వస్తే అందులోనే మాట్లాడారు.

మొదటి వారం మా వాచ్‌మన్ భార్య ఒక మాట చెప్పింది. వాళ్లది నెల్లూరు వైపు. "2015 వానలకి నీళ్లు ముందు మోటార్ గదిలోకే వచ్చాయి సార్. ప్యానెల్ బోర్డు మునిగింది. చుట్టూ నీళ్లే, ట్యాంకులోకి మాత్రం చుక్క ఎక్కలేదు." ఫ్లాట్ల యజమానుల్లో ఒక్కరికీ ఇది గుర్తు లేదు. చివరికి మా నిర్ణయాన్ని మార్చింది ఈ మాటే.

చెన్నైలో ఉన్నవాళ్లకు ఇంకో జాగ్రత్త. మే నెలలో కూర్చుంటే అందరికీ కరవే కనిపిస్తుంది, డిసెంబరులో కూర్చుంటే వరదే కనిపిస్తుంది. అందుకే జూలై, ఆగస్టు నెలలు మేలు.

3. వెనక్కి 40 ఏళ్లు చూడండి

ముందుకు 20 ఏళ్లు చూడాలంటే వెనక్కి దానికి రెట్టింపు చూడండి. ఒక చార్టు మీద అడ్డంగా గీత గీసి తేదీలు వేయాలి. మా చార్టులో ఇవి పడ్డాయి:

- 1983: కృష్ణా నీళ్లను చెన్నైకి తెచ్చే తెలుగు గంగ ఒప్పందం
- 1996: ఆ నీళ్లు కండలేరు జలాశయం మీదుగా చెన్నై దగ్గరి పూండి జలాశయం చేరాయి
- 2003: తమిళనాడులో భవనాలన్నింటికీ వాన నీటి సేకరణ తప్పనిసరి
- 2004: వీరాణం చెరువు నుంచి చెన్నైకి సరఫరా
- 2010, 2013: మీంజూరు, నెమ్మేలిలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్లు, ఒక్కొక్కటి రోజుకు 10 కోట్ల లీటర్లు
- 2015: డిసెంబరు వరద
- 2019: చెరువులు ఎండి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు
- 2023: మిచౌంగ్ తుపాను
- 2024: నెమ్మేలిలో రెండో ప్లాంటు, రోజుకు 15 కోట్ల లీటర్లు

తేదీలు రాసి ఊరుకోకండి. "ఇందులో ఏం కనిపిస్తోంది?" అని ఒక్కొక్కర్నీ అడగండి. మాకు మూడు విషయాలు తట్టాయి. తెలుగు గంగ ఒప్పందానికీ నీళ్లు రావడానికీ మధ్య 13 ఏళ్లు పట్టింది, కాబట్టి ఇంకా కాగితం మీదే ఉన్న పథకాన్ని మన లెక్కలో వేసుకోకూడదు. వరద వచ్చిన నాలుగేళ్లకే అదే ఊరిలో కరవు వచ్చింది, కాబట్టి రెండింటికీ ఒకేసారి సిద్ధపడాలి. నగరం క్రమంగా నది వైపు నుంచి సముద్రం వైపు తిరుగుతోంది, ఉప్పు తీయడానికి కరెంటు ఎక్కువ కావాలి, అంటే నీటి ధరలో కరెంటు వాటా పెరుగుతుంది.

4. సంకేతాలు ఏరండి

దీన్నే హొరైజన్ స్కానింగ్ అంటారు. రాబోయే మార్పుకు ఇప్పుడే అక్కడక్కడా కనిపిస్తున్న చిన్న ఆనవాళ్లను పోగు చేయడం. ఒక్కొక్కరు వారంలో ఆరు సంకేతాలు తేవాలి. ఎనిమిది మంది ఉంటే 48 చీటీలు అవుతాయి.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. "నీళ్లు తగ్గిపోతున్నాయి" అని రాస్తారు. అది అభిప్రాయం. సంకేతం అంటే ఎవరో ఒకరు ఒక చోట, ఒక రోజున చూసినది. "పక్క వీధి బోరు నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మోతాదు) పోయిన మేలో ఇంత, ఈ మేలో ఇంత" అంటే అది సంకేతం. "లారీ బుక్ చేసిన ఎన్నో రోజుకు వచ్చింది" అన్నది సంకేతం. "కొత్తగా కట్టే అపార్ట్‌మెంట్‌లో ఫ్లష్ ట్యాంకులకు వేరే పైపులైను వేస్తున్నారు" అన్నదీ సంకేతమే.

పేపర్లు, యూట్యూబ్ మాత్రమే చూస్తే అందరూ ఒకే ఆరు వార్తలు తెస్తారు. ప్లంబర్‌ను అడగండి. వాటర్ లారీ డ్రైవర్‌ను, క్యాన్ వాటర్ వేసే అబ్బాయిని అడగండి.

చీటీలను ఐదు బుట్టల్లో వేయండి: మనుషులు, సాంకేతికం, డబ్బు, ప్రకృతి, ప్రభుత్వం. ఏ బుట్ట ఖాళీగా ఉందో అదే మీరు చూడని వైపు. మాకు "మనుషులు" బుట్టలో రెండే చీటీలు పడ్డాయి. ఇంటికి ఎంతమంది ఉంటారు, ముసలివాళ్లు ఎంతమంది అవుతారు, అద్దెకు ఎవరు వస్తారు అన్నది నీటి వాడకాన్ని ఎంతో మారుస్తుంది. దాన్ని మేం పట్టించుకోనే లేదు. ఆ బుట్ట కోసం ఇంకో వారం ఆగాం, ఆగినందుకు మేలే జరిగింది.

5. ఖాయమైనవి, ఖాయం కానివి విడదీయండి

చీటీలన్నిటి వెనక ఉన్న పెద్ద కారణాలను పదో పన్నెండో రాయండి. తర్వాత రెండు కుప్పలు చేయండి.

దాదాపు ఖాయమైనవి: ఇప్పుడు 45 ఏళ్లవాళ్లు 2045 నాటికి 65కు అటూ ఇటూ ఉంటారు. పైపులు పాతబడతాయి. వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. నీళ్లు ఎక్కువగా కావాల్సింది మాత్రం మే నెలలో.

ఖాయం కానివి: మెట్రో వాటర్ (చెన్నై నగర నీటి సరఫరా బోర్డు) సరఫరా నిలకడ, భూగర్భ జలం నాణ్యత, లారీ ధర, నీటి పునర్వినియోగం మీద రాబోయే నియమాలు.

ఖాయం కాని వాటిలోంచి రెండు ఎంచుకోవాలి. ఎంపికకు రెండు పరీక్షలు. ఒకటి, అది ఎటు తిరిగినా మన నిర్ణయం మారిపోవాలి. రెండు, ఒకటి మారితే రెండోది దానంతట అదే మారకూడదు. అలా మారితే అవి రెండు కావు, ఒకటే. మేం మొదట లారీ ధరనూ సరఫరానూ ఎంచుకున్నాం. సరఫరా తగ్గితే లారీ ధర ఎలాగూ పెరుగుతుంది కాబట్టి ఆ జంట పనికిరాలేదు. చివరికి "మెట్రో వాటర్ నిలకడగా వస్తుందా?", "మన నేలలో నీళ్లు తీయగా ఉంటాయా, ఉప్పబడతాయా?" అన్న జంట తీసుకున్నాం.

6. నాలుగు లోకాలు రాయండి

చార్టు మీద కూడిక గుర్తులా రెండు గీతలు గీస్తే నాలుగు గదులు వస్తాయి. ఒక్కో గది ఒక్కో 2045. పేర్లు పెట్టండి, పేరు లేని లోకం గుర్తుండదు.

- నిండు కుండ: సరఫరా ఉంది, నేలలోనూ మంచినీళ్లున్నాయి
- గొట్టం మీద బతుకు: సరఫరా ఉంది, బోరు ఉప్పు
- మన బావే దిక్కు: సరఫరా నమ్మలేం, బోరు బాగుంది
- లారీ కోసం ఎదురుచూపు: రెండూ లేవు

తర్వాత ఒక్కో లోకంలో ఒక రోజును పది వాక్యాల్లో రాయాలి. ఫలానా నెల, ఫలానా గంట, ఫలానా మనిషి. "గొట్టం మీద బతుకు" గురించి మా పదో తరగతి అమ్మాయి రాసింది ఇలా సాగింది: 2045 మే, మంగళవారం ఉదయం 6 గంటలు. కుళాయిలో నీళ్లు వస్తున్నాయి, రుచి సముద్రపు ప్లాంటుది. రాత్రి కరెంటు కోత పడింది కాబట్టి ప్రెషర్ తక్కువ. మూడో అంతస్తు అవ్వ బకెట్ నింపుకుని స్నానం సగంలో ఆపింది. బోరు మోటార్ తుప్పు పట్టి ఆరేళ్లయింది, దానికి పెట్టిన ఈఎంఐ మాత్రం పోయిన ఏడాదే తీరింది.

ఆ చివరి వాక్యం చదివాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. లెక్కల పట్టిక ఎన్నిసార్లు చూపించినా రాని ఆలోచన ఒక్క వాక్యంతో వచ్చింది.

ఇక్కడ జరిగే పొరపాట్లు, సవరణలు

ఒక లోకాన్ని స్వర్గంగా, ఒకదాన్ని నరకంగా రాయడం మామూలుగా జరుగుతుంది. ప్రతి లోకంలో ఒక మంచి, ఒక చెడు తప్పనిసరి అని నియమం పెట్టండి. నిండు కుండలోనూ కష్టం ఉంది. నీళ్లకు లోటు లేకపోతే వాన నీటి గుంతలు ఎవరూ శుభ్రం చేయరు, ఐదేళ్లలో పూడుకుపోతాయి.

"వీటిలో ఏది జరుగుతుంది?" అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఓటింగ్ పెట్టకండి. ఓటు వేసిన క్షణం నుంచి మిగతా మూడు లోకాలు ఎవరికీ పట్టవు.

వరద లాంటి హఠాత్తు సంఘటనకు వేరే గది అక్కర్లేదు. దాన్ని నాలుగు లోకాల్లోనూ వేసి చూడండి.

7. భవిష్య చక్రం గీయండి

ఫ్యూచర్స్ వీల్ అనే ఈ పద్ధతి నేర్చుకోవడానికి పావుగంట చాలు. ఒక పని వల్ల కలిగే ప్రభావం ఎంత దూరం పోతుందో ఇందులో తెలుస్తుంది. మధ్యలో పనిని రాసి గుండ్రం చుట్టండి. దాని చుట్టూ నేరుగా కలిగే ఫలితాలు. వాటి చుట్టూ వాటి ఫలితాలు. మూడో చుట్టు దాకా వెళ్లాలి. అసలు సంగతులు బయటపడేది మూడో చుట్టులోనే.

మేం మధ్యలో "ప్రతి ఫ్లాట్‌కూ వాటర్ మీటర్" అని రాశాం.

మొదటి చుట్టు: వాడినంతకే బిల్లు. లీకులు బయటపడతాయి.

రెండో చుట్టు: లీకు రిపేరు ఎవరిది, యజమానిదా, అద్దెవాళ్లదా అన్న గొడవ. అమ్మానాన్నలను తెచ్చుకుని ఉంటున్న ఆరుగురి ఇంటికి బిల్లు పెరుగుతుంది.

మూడో చుట్టు: పెద్దవాళ్లున్న కుటుంబాలు ఇక్కడ అద్దెకు రావడానికి వెనకాడతాయి.

ఈ మూడోది మాకెవరికీ ఇష్టం లేదు. అందుకే మీటర్ ఆలోచనను వదలకుండా దాన్నే మార్చాం. మనిషికి రోజుకు 135 లీటర్ల వరకు మెయింటెనెన్స్‌లోనే కలిసి ఉంటుంది, ఆపై వాడితేనే అదనపు బిల్లు. ఈ 135 లీటర్లు నగరాల నీటి సరఫరాకు మన దేశంలో ప్రణాళికలు వేసేటప్పుడు తీసుకునే లెక్క.

8. విలువ ఎవరికి, ఎప్పుడు?

దీర్ఘకాలపు మేలును లెక్కగట్టేటప్పుడు, ఏటా ఎంత శాతం చొప్పున దాని విలువ తగ్గిస్తామన్న ఒక్క సంఖ్యే అంతా తారుమారు చేస్తుంది. 20 ఏళ్ల తర్వాత దక్కే 1 లక్ష రూపాయల లాభాన్ని ఏటా 8 శాతం చొప్పున తగ్గించుకుంటూ వస్తే ఈరోజు దాని విలువ సుమారు 21,500. అదే 4 శాతం వేస్తే సుమారు 45,600. ఎవరైనా "ఇది గిట్టుబాటు కాదు" అని ఎక్సెల్ షీటు చూపిస్తే ముందు ఆ శాతం ఎంతో అడగండి. రెండు శాతాలతోనూ లెక్క వేయించండి.

తర్వాత ఒక పట్టిక గీయండి. అడ్డంగా 1, 5, 20 ఏళ్లు. నిలువుగా మనుషులు: యజమానులు, అద్దెవాళ్లు, వాచ్‌మన్ కుటుంబం, పక్క అపార్ట్‌మెంట్, ఇంకా పుట్టని పిల్లలు. మా దగ్గర పళ్లికరణై చిత్తడి నేల ఉంది కాబట్టి దానికీ ఒక వరుస ఇచ్చాం. ప్రతి గడిలో మేలు, భారం, తెలియదు అనే మూడింటిలో ఒకటి రాయాలి. "తెలియదు" అని రాయడానికి సంకోచించకండి.

మా పై అంతస్తు పెద్దాయనకు 74 ఏళ్లు. "2045కి నేనుండను బాబూ, నా డబ్బు నా మందులకు కావాలి" అన్నారు. ఆయన మాట న్యాయమైనది. దీర్ఘకాలం పేరుతో ఇప్పుడున్నవాళ్ల అవసరాన్ని తోసేయకూడదు. అప్పుడే ఒక నియమం పెట్టుకున్నాం: ప్రతి ప్రణాళికలో ఏడాది లోపు అందరికీ అందే మేలు ఒకటైనా ఉండాలి.

9. ఎంపికలను పరీక్షించి, 2045 నుంచి వెనక్కి నడవండి

ముందు మామూలు లెక్క. 40 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి 135 లీటర్లు. రోజుకు 21,600 లీటర్లు. 12,000 లీటర్ల లారీలు దాదాపు రెండు. చెన్నైలో ఏడాదికి సగటున సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 1,000 చదరపు మీటర్ల మిద్దె మీద పడిన దాంట్లో 80 శాతం పట్టుకోగలిగితే 11.2 లక్షల లీటర్లు, అంటే సుమారు 52 రోజుల నీళ్లు. 135 లీటర్లలో 45 ఫ్లష్‌కే పోతాయని సాధారణ అంచనా. దానికి శుద్ధి చేసిన స్నానాల నీళ్లు వాడితే అవసరం రోజుకు 14,400కు దిగుతుంది. అప్పుడు కూడా లక్ష లీటర్ల సంప్ వారం రోజులకే సరిపోతుంది. కాబట్టి నవంబరు వానను మే దాకా దాచగలిగేది నేల ఒక్కటే.

ఈ లెక్క చేతిలో పెట్టుకుని ఒక్కో ఎంపికను నాలుగు లోకాల్లో నిలబెట్టండి.

- కొత్త లోతైన బోరు: "మన బావే దిక్కు"లో మాత్రమే అక్కరకొచ్చింది
- వాటర్ మీటర్లు: నాలుగింటిలోనూ ఉపయోగమే
- మోటార్ ప్యానెల్‌ను వరద మట్టానికి పైకి ఎత్తడం: నాలుగింటిలోనూ
- ఇంకుడు బావులు: మూడింటిలో. బోరు ఉప్పబడే లోకాల్లో ఆ ఉప్పును కొంత ఆలస్యం చేస్తాయి
- స్నానాల నీటిని ఫ్లష్‌కు మళ్లించడం: మూడింటిలో, ఖర్చు మాత్రం ఎక్కువ

ఇక బ్యాక్‌కాస్టింగ్. కావాల్సిన రోజును ముందు రాసి, అక్కడి నుంచి ఇక్కడికి రండి. "దీనికి ముందు ఏం జరిగి ఉండాలి?" అన్నదే ప్రతి మెట్టులో ప్రశ్న.

2045 మే: నెలంతా గేటు లోపలికి ఒక్క లారీ రాలేదు.
2040: అన్ని ఫ్లష్ ట్యాంకులూ శుద్ధి చేసిన నీటితో నడుస్తున్నాయి.
2035: పాత పైపులు మార్చేటప్పుడే రెండో లైను కూడా వేసేశారు. ఎలాగూ గోడలు పగలగొట్టే ఏడాది కాబట్టి ఖర్చు కలిసొచ్చింది.
2030: ప్రతి ఇంటి మీటర్ రీడింగులు మూడేళ్లవి చేతిలో ఉన్నాయి.
ఈ ఏడాది: ప్యానెల్ పైకి. సంప్‌కూ బోరుకూ మీటర్లు. అక్టోబరు లోపు ఇంకుడు గుంతల శుభ్రం.

ముందుకు నడుచుకుంటూ రాస్తే "2035లో పైపులతో పాటు" అన్న సంగతి మాకు తట్టేది కాదు. ప్యానెల్ ఎత్తడానికి ఒప్పుకున్నవాళ్లలో ఆ పెద్దాయనే మొదటివారు.

10. గుర్తు రాళ్లు నాటండి

మనం ఏ లోకం వైపు వెళ్తున్నామో చెప్పే గుర్తులు కావాలి. నాలుగైదు చాలు. కొలవగలిగేవి, ఖర్చు లేనివి ఎంచుకోండి.

☐ బోరు నీటి టీడీఎస్, ప్రతి నెల 1న. తాగునీటి భారతీయ ప్రమాణంలో లీటరుకు 500 మిల్లీగ్రాములు కోరదగిన హద్దు, వేరే దారి లేనప్పుడు 2,000 గరిష్ఠం
☐ బోరులో నీటి మట్టం, మే చివర, డిసెంబరు చివర
☐ లారీ బుక్ చేసిన రోజుకూ వచ్చిన రోజుకూ తేడా
☐ మెట్రో వాటర్ రోజూ ప్రకటించే చెరువుల నిల్వ, మార్చి 1 నాటిది
☐ ఒక్కో గుర్తుకు ఒక బాధ్యుడు, పేరు నోటీసు బోర్డు మీద

ప్రతి గుర్తుకూ ఒక హద్దు, హద్దు దాటితే చేయాల్సిన పని ముందే రాసిపెట్టుకోండి. మా అసోసియేషన్ బోరు ప్రతిపాదనను కొట్టేయలేదు, షరతు పెట్టి వాయిదా వేసింది: వరుసగా రెండు ఏళ్లు మే నెలలో టీడీఎస్ 1,000 లోపే ఉండి, లారీ కోసం ఎదురుచూపు నాలుగు రోజులు దాటితే అప్పుడు బోరు మళ్లీ చర్చకు వస్తుంది. బోరు అడిగినవాళ్లు కూడా ఈ షరతుకు సంతకం చేశారు.

సమీక్ష ఏడాదికి ఒకసారి, ఆగస్టు రెండో ఆదివారం, రెండు గంటలు. నాలుగు లోకాల చార్టును కొత్తగా గీయక్కర్లేదు. పాతది గోడకు పెట్టి, పోయిన ఏడాది సంకేతాలను వేరే రంగు చీటీల మీద రాసి ఏ గదిలో పడతాయో అంటించండి. ఏ గదిలోనూ పట్టని చీటీలు ఐదు దాటితే ఆ రెండు గీతలూ పాతబడినట్టే. అప్పుడు ఐదో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.